నాన్నా నేనూ పని వెతుక్కున్న ఏడాది

కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగిన వేసవిలోనే నా డిగ్రీ చదువు అయిపోయింది. రెండువేల దశకం నడిమి సంగతి. సరస్సులో చెరువులు ఉండకూడదని సర్కారు పంపిన పెద్ద పెద్ద యంత్రాలు వచ్చి గట్లు తవ్వుతుంటే మా లంక ఊరంతా కట్ట మీద నిలబడి చూసింది. కొందరు తిట్టారు. కొందరు ఏడ్చారు. సరస్సు అన్నాక సరస్సులాగే ఉండాలి కదా అని ఒకరిద్దరు మెల్లిగా అన్నారు. నాన్న తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, పల్లానికి పారిపోతున్న నీళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

నాన్న అక్కడొక చెరువు మీద ఉండేవాడు. చెరువు మీద ఉండటం అంటే మా వైపు అదొక ఉద్యోగం. పొద్దున్నే పడవలో వెళ్ళి తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేత సంచులు కర్రలకు కట్టాలి. నీళ్ళ రంగు చూసుకోవాలి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే పరుగున వెళ్ళి, వాటికి గాలి అందేలా నీళ్ళు చిమ్మే ఇంజను వెయ్యాలి. పట్టుబడి రోజున అందరితో పాటు వల లాగాలి. చెరువు సొంతదారు ఎక్కడో పట్నంలో ఉండేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెరువంటే మా నాన్నే. గట్టు తెగిన రోజున ఆ ఉద్యోగం కూడా నీళ్ళతో పాటే పోయింది.

తరవాత వానలు వచ్చాయి. ఆ ఏడు నీళ్ళకు అడ్డం లేదు. ఎక్కడి నీళ్ళు అక్కడ ఆగకుండా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కొల్లేరు అంత వెడల్పుగా ఉండగా చూడటం నాకదే మొదలు. పొద్దున్నే వాకిట్లోకి వస్తే ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. గూడబాతులు గాలిలో తేలుతున్నాయో నీళ్ళ మీద తేలుతున్నాయో పోల్చుకోవడానికి కాసేపు పట్టేది. ఆ అందమంతా మా ఇంట్లో పని పోయినందువల్ల వచ్చిందన్న సంగతి నాకప్పుడు బుర్రకెక్కలేదు. గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటూ అలా చూస్తూ ఉండేదాన్ని. అమ్మ వచ్చి భుజం తట్టేదాకా కదలబుద్ధి అయ్యేది కాదు.

బీయస్సీ ఫలితాలు వచ్చాయి. ప్యాసయ్యాను. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని ఏలూరు వెళ్ళడానికి తయారవుతుంటే, పెళ్ళిళ్ళకు మాత్రమే పెట్టెలోంచి తీసే తెల్లచొక్కా వేసుకుని నాన్న కూడా గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ వస్తానమ్మాయ్" అన్నాడు.

నన్ను దిగబెట్టడానికి కాబోలనుకుని, దారి నాకు తెలుసు కదా నాన్నా, ఇన్నాళ్ళూ కాలేజీకి ఒక్కదాన్నే తిరిగాను కదా అన్నాను.

"నీకోసం కాదు. నాక్కూడా పని కావాలి కదా."

అలా మొదలైంది. అమ్మ ఒకే క్యారియర్లో ఇద్దరికీ అన్నం సర్ది, చిన్నపిల్లలిద్దరిని బడికి పంపుతున్నట్టు మమ్మల్ని రేవుదాకా సాగనంపింది. పడవలో రోడ్డు దగ్గరికి, అక్కడి నుంచి బస్సులో ఏలూరికి. ఆ రోజు మొదలుకుని, పండగలూ ముసుర్లూ పోను, దాదాపు రోజూ అదే ప్రయాణం. పడవలో మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. నీళ్ళ మీద మంచు ఉంటే కిక్కిసపొదలు ఒక్కొక్కటే ఎదురొచ్చి మళ్ళీ వెనక్కి కరిగిపోయేవి. గుర్రపుడెక్క పూలు పడవ అంచుకు రాసుకునేవి. ఇంకా నిద్ర వదలని కళ్ళతో నేను ఆ రోజు దొరకబోయే ఉద్యోగాన్ని ఊహలో కట్టుకునేదాన్ని. ఒకరోజు బల్ల, కుర్చీ, పైన తిరిగే ఫ్యాను. ఒకరోజు నల్లబోర్డు ముందు సుద్దముక్క పట్టుకున్న నేను. రోడ్డు వచ్చేసరికి ఆ ఉద్యోగం చేసి చేసి అలిసిపోయినట్టు కూడా ఉండేది.

ఏలూరు బస్టాండులో దిగి ఇద్దరం చెరోవైపు వెళ్ళేవాళ్ళం. నేను ప్రైవేటు స్కూళ్ళు, కాలేజీలు, కంప్యూటర్ సెంటర్లు. నాన్న రైసుమిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, లారీ ఆఫీసులు. ముందు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి వెళ్ళి పేరు రాయించుకున్నాను. ఆ కార్డు చేతికిచ్చిన గుమాస్తా, ఇది పోకుండా చూసుకోండమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది అన్నాడు. ఎప్పటికైనా అన్న మాటను ఆయన చాలా మెత్తగా అన్నాడు.

స్కూళ్ళలో బీఈడీ ఉందా అని అడిగేవారు. లేదు. ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగేవారు. అదీ లేదు. ఇంగ్లీషులో ఏదో అడిగితే నాకు జవాబు తెలిసేది కానీ, అది నోటిదాకా వచ్చేసరికి వాళ్ళు తరవాతి మాటలోకి వెళ్ళిపోయేవారు. చివరికి అందరూ ఒకటే అనేవారు: నంబరు ఇచ్చి వెళ్ళండి, ఫోన్ చేస్తాం. మాకు ఫోను లేదు. మా ఊళ్ళో కిరాణా కొట్టు నంబరు ఇచ్చేదాన్ని. సాయంత్రం పడవ దిగగానే కొట్టు వైపు చూస్తే, కొట్టాయన నేను అడక్కముందే తల అడ్డంగా ఊపేవాడు. పాపం ఆయనకూ అదొక పనైపోయింది.

ఎవరూ కసిరేవారు కాదు. మా జిల్లాలో లేదన్న మాట కూడా అండీ చేర్చి చెబుతారు. కూర్చోండి అంటారు, మంచినీళ్ళు తాగుతారా అంటారు, ప్రస్తుతానికి ఖాళీలు లేవండి అంటారు. బయటికి వచ్చి కాలవ వంతెన మీద కాసేపు నిలబడితే, నన్ను వద్దన్నారో రమ్మన్నారో నాకే స్పష్టంగా తెలిసేది కాదు.

మధ్యాహ్నం కలుసుకోవడానికి మాకొక చోటు కావాల్సి వచ్చింది. మిషనరీల కాలం నాటి పాత చర్చి ఒకటి ఉంటే, దాని ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు, చెట్టు చుట్టూ సిమెంటు అరుగు ఉండేవి. గేటు ఎప్పుడూ తీసే ఉండేది. అక్కడ కూర్చుని అన్నం తిని, పొద్దుటి సంగతులు చెప్పుకునేవాళ్ళం.

నేను చెప్పేది రెండు మాటల్లో అయిపోయేది. నాన్న చెప్పేది మాత్రం అయ్యేది కాదు. ఆయన తన జీవితమంతా నీళ్ళ మీద గడిపినవాడు. ఊళ్ళో గోడల వెనక ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. తివాచీలు నేసే ఒక షెడ్డుకు పనికోసం వెళ్ళి, మగ్గం మీద పువ్వు ఎలా మొలుస్తుందో చూస్తూ నిలబడిపోయాడట. వాళ్ళు ఒక రేక మొదలుపెడితే, అది అయ్యేదాకా ఉండి, అక్కడి నుంచి వచ్చేశాడు. మరి పని సంగతి అడిగావా అన్నాను.

"అయ్యో, మర్చేపోయానమ్మా" అన్నాడు.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు జారుతుంటే వచ్చే పొగ గురించి చెప్పాడు. మండుటెండలో ఆ గుమ్మం దగ్గర నిలబడితే కొల్లేట్లో మాఘమాసం పొద్దుటిలా ఉందట. రైసుమిల్లులో తవుడు ధూళి మీద ఎండ పడి మనుషులందరూ పసుపు పూసుకున్నట్టు కనబడ్డారట. లోకంలో ఇన్ని పనులున్నాయని నాకు తెలియదు సుమా అనేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మనం వచ్చింది చూడ్డానికా అని ఒకసారి అనేశాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. అడగడం కూడా అడుగుతున్నానమ్మా, ఏం వచ్చు అంటున్నారు, చేపలు పెంచడం వచ్చండి అంటే నవ్వుతున్నారు అని మాత్రం చెప్పి, మజ్జిగ నా వైపు తోశాడు.

కొన్నాళ్ళకు నేను కూడా చూడటం మొదలుపెట్టాను. ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, లోపలి నుంచి వినబడే ఎక్కాల పాట, కారిడార్లో ఎవరో ఆరేసిన చిన్న గొడుగు, ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద గాజుగ్లాసులో ఒక్క చామంతి. నాన్నకు చెప్పడానికి ఏదో ఒకటి తీసుకెళ్ళాలి కదా అనిపించేది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు తేలికయ్యాయి. తిన్నాక ఆయన అరుగు మీదే వెల్లకిలా పడుకునేవాడు. ఆకుల సందుల్లోంచి వెలుతురు ఆయన తెల్లచొక్కా మీద ఈదుతున్నట్టు కదిలేది. నేను చదివిన పుస్తకమే మళ్ళీ మళ్ళీ చదువుతూ ఆయన లేచేదాకా కూర్చునేదాన్ని.

ఆ ఆవరణలోనే వెనకవైపు చిన్న పెంకుటింట్లో రిటైరైన టీచరమ్మగారు ఒకావిడ ఉండేవారు. కొన్నాళ్ళు కిటికీలోంచి మమ్మల్ని చూసి, ఒకరోజు కర్ర ఊతంతో దగ్గరికి వచ్చారు. మేం లేచి నిలబడ్డాం.

"ఎవరి తాలూకా అమ్మా మీరు?"

"కొల్లేరు నుంచి వచ్చామండి. పనికోసం తిరుగుతున్నామండి. ఎండ తగ్గాక వెళ్ళిపోతామండి" అన్నాడు నాన్న.

"ఎవరికి పని? అమ్మాయికా?"

"ఇద్దరికీనండి."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్ళి కుండలోని నీళ్ళు తెచ్చి ఇచ్చి, మాతోపాటే అరుగు మీద కూర్చున్నారు. నేను ఇంటర్వ్యూలో ఏం చెబుతున్నానో అడిగారు. చెప్పాను. నేల చూసి మాట్లాడుతున్నావమ్మా, నేల నీకు ఉద్యోగం ఇవ్వదు, ఎదుటి మనిషిని చూడు అన్నారు. అలవాటు కావాలంటే ఎవరినో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలన్నారు. ఆ ఎవరో ఒకరు నాన్నే అయ్యాడు. ఆఫీసరులా కూర్చోండి అని ఆవిడ అంటే, నాన్న సిగ్గుపడి, అరుగు మీద ఆకులు దులిపి, చొక్కా గుండీలు సరిచూసుకుని నిటారుగా కూర్చున్నాడు. నేను ఫైలు పట్టుకుని చెట్టు అవతలి నుంచి నడిచి వచ్చి నమస్కారం పెట్టాను.

ఊరూ చదువూ అడిగాడు. ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరం చాలా కష్టపడుతున్నాం. తరవాత ఏం అడగాలో ఆయనకు తోచలేదు. టీచరమ్మగారి వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తుంటారమ్మా?"

అడిగాక గానీ తను అడిగిందేమిటో ఆయనకు తెలిసినట్టు లేదు. నాకు నవ్వు పోయింది. చూపు దించకూడదని టీచరమ్మగారు చెప్పారు కదా, దించలేదు.

"పని వెతుక్కుంటున్నారండి" అన్నాను.

 చెట్టు మీద ఉడత ఒకటి అటు నుంచి ఇటు పరిగెత్తింది.

"మంచిదమ్మా" అన్నాడు నాన్న. "నీకు ఏ పని ఇష్టం?"

ఇన్ని చోట్ల తిరిగాను కానీ ఆ మాట నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. ఏది దొరికితే అది అన్నది ఇష్టం కాదు కదా. ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. టీచరమ్మగారు నన్ను తొందరపెట్టలేదు. దానికి జవాబు ఇవాళే చెప్పక్కర్లేదులే, కూర్చో అన్నారు. ఆ మధ్యాహ్నం నుంచి వారానికోసారైనా ఆ ఆట ఆడేవాళ్ళం. నా ఇంగ్లీషు నెమ్మదిగా నోటిదాకా రావడం నేర్చుకుంది.

చలికాలంలో తాడేపల్లిగూడెం నుంచి పిలుపు వచ్చింది. అక్కడొక స్కూల్లో సైన్సు టీచరు పురిటి సెలవు మీద వెళ్తోందనీ, ఆవిడ తిరిగి రాకపోవచ్చనీ, పొద్దున పది గంటలకు రమ్మన్నారనీ కొట్టాయన రేవుదాకా ఎదురొచ్చి చెప్పాడు. ఆయన ముఖం చూస్తే ఉద్యోగం ఆయనకే వచ్చినట్టుంది. నాన్న కూడా బయల్దేరాడు. అక్కడి ఉల్లిపాయల మార్కెట్టు పెద్దదట, ఏదైనా పని ఉంటుందేమో చూస్తానన్నాడు.

చీకటితోనే లేచి, పడవా బస్సూ పట్టుకుని ఏలూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్క సీటు దొరికింది. బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే పొలాలు లేవు, చెట్లు లేవు, తెల్లటి దూది మధ్యలోంచి రైలు నెమ్మదిగా ఊగుతూ వెళ్తోంది. భీమడోలు దాటడం గుర్తుంది. పూళ్ళలో ఎవరో పాలక్యాన్లు ఎక్కించిన చప్పుడు గుర్తుంది. తరవాత నేను ఒక తరగతి గదిలో ఉన్నాను. కిటికీల్లోంచి కొల్లేరు నీళ్ళు మెల్లిగా లోపలికి వస్తున్నాయి. పిల్లలు భయపడటం లేదు. బెంచీలు పడవల్లా తేలుతుంటే వాటి మీద కూర్చుని నేను చెప్పే పాఠం రాసుకుంటున్నారు. నేను నీళ్ళలో నడుస్తూ చేప మొప్పల గురించి చెబుతున్నాను. ఇంగ్లీషులో చెబుతున్నాను, ఒక్క మాట కూడా తడబడకుండా.

కళ్ళు తెరిచేసరికి ఎండ వచ్చేసింది. రైలు ఆగి ఉంది. బోర్డు మీద నిడదవోలు అని ఉంది. నాన్న తల నా భుజం మీద ఉంది, ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

మేం దిగాల్సిన గూడెం ఎప్పుడో వెనకబడిపోయింది. ఆయన్ని లేపి, దిగి, ఎదురు రైలు ఎప్పుడని అడిగితే చాలా సేపుందన్నారు. పరుగున బస్టాండుకు వెళ్ళి బస్సు ఎక్కాం. తాడేపల్లిగూడెంలో స్కూలు వెతుక్కుని చేరేటప్పటికి పిల్లల్ని మధ్యాహ్నం అన్నాలకు వదిలేసి ఉన్నారు. గేటు దగ్గరి ఆయన లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, ఇంటర్వ్యూలు అయిపోయాయండి, ఒకరిని తీసేసుకున్నారండి అని చెప్పాడు.

రోడ్డు దాటి ఒక మూసి ఉన్న షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇన్ని నెలల్లో నేను ఏడవడం అదొక్కసారే. నాన్న పక్కనే నిలబడ్డాడు. నేను లేపాల్సిందమ్మా, చెరువు మీద రాత్రిళ్ళు రాత్రిళ్ళు మెలకువగా ఉన్నవాణ్ణి, ఆ రైలు ఊగుడుకి పడవలో ఉన్నాననుకున్నాను అని ఆయన నెమ్మదిగా చెబుతుంటే, నేను కన్న కల గుర్తొచ్చింది. ఏడుపు మధ్యలోనే ఆ కల చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. పిల్లలు మునగలేదు కదా అని అడిగాడు. లేదన్నాను.

"మరింకేం. పాఠం బాగానే చెప్పావు" అన్నాడు.

ఊరికే వెనక్కి వెళ్ళడం ఎందుకని ఉల్లిపాయల మార్కెట్టుకు నడిచాం. వీధి మొదట్లోనే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. అంతకుముందే ఏడ్చి ఉన్నాను కనుక నా కళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. లారీల కొద్దీ ఎర్రటి గోనెలు. గోదాముల గుమ్మాల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కుళ్ళినవి ఏరుతుంటే, ఊడిన పొరలు గాలికి లేచి రోడ్డంతా గులాబిరంగు రెక్కల్లా తిరుగుతున్నాయి. నాన్న అలవాటు ప్రకారం చూస్తూ నిలబడిపోయాడు. ఈసారి నేను ఆయన్ని కదపలేదు. నేనే ముందుకు వెళ్ళి, గుమ్మంలో కుర్చీ వేసుకున్న షావుకారుగారికి నమస్కారం పెట్టి, ఆయన ముఖంలోకి చూస్తూ, మా నాన్నగారికి పని కావాలండి, చేపల చెరువు మీద చాలా కాలం చేశారండి, నమ్మకమైన మనిషండి అని చెప్పాను. ఎవరికోసమో అడుగుతుంటే గొంతు ఎంత బాగా పలుకుతుందో అప్పుడు తెలిసింది.

షావుకారుగారు నాన్నను పైనుంచి కిందికి చూశారు. తెల్లచొక్కా అప్పటికి నలిగిపోయి ఉంది.

"రాత్రి పూట ఉండగలరా ఇక్కడ? గోదాము కనిపెట్టుకుని ఉండాలి. పొద్దున్నే లారీ వస్తే లెక్క చూసుకోవాలి."

"ఆయ్, ఉంటానండి" అన్నాడు నాన్న.

అంతే. నా ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజున ఆయనకు ఉద్యోగం వచ్చింది. తిరుగు రైల్లో ఇద్దరం నిద్రపోలేదు. ఆయన చాలా సేపు బయటికే చూస్తూ, నీది నేను పట్టుకుపోయినట్టుందమ్మా అన్నాడు. అదేం మాట నాన్నా అన్నాను. నాకు నిజంగానే సంతోషంగా ఉంది. కానీ మర్నాటి పడవలో ఒక్కదాన్నే ఉంటానన్న ఆలోచన భీమడోలు దాటాక వచ్చి పక్కన కూర్చుంది.

తరవాతి నెలలు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. నాన్న గూడెంలోనే ఉండి శనివారం సాయంత్రం వచ్చేవాడు. ఆయన వచ్చాక ఇల్లంతా ఉల్లిపాయల వాసన. అమ్మ ముక్కు మూసుకుని నవ్వేది. నేను ఏలూరు తిరగడం మానలేదు. వట్లూరు వైపు కొత్తగా కట్టిన కాలేజీల్లో ల్యాబ్ పనికి అడిగాను. ఎస్టీడీ బూతులో కొన్ని రోజులు కూర్చున్నాను. అది మూతపడింది. టీచరమ్మగారి దగ్గరికి వెళ్ళినప్పుడు అరుగు మీద ఒక్కదాన్నే అన్నం తినడం చేతకాక, ఆవిడ వరండాలో కూర్చుని తినేదాన్ని. నేను చూసినవన్నీ ఆవిడకు చెప్పేదాన్ని. ఆవిడ బాగానే వినేవారు కానీ, కొన్ని సంగతులు శనివారానికని దాచుకునేదాన్ని.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఏదో ఆఫీసులో లేదనిపించుకుని వస్తుంటే పెద్ద వాన పట్టుకుంది. ఎదురుగా కనబడిన గేటులోకి పరిగెత్తి పోర్టికోలో నిలబడ్డాను. అదొక కంటి ఆసుపత్రి. లోపల పొడుగాటి హాల్లో బెంచీల నిండా ముసలివాళ్ళు. చింతలపూడి వైపు పల్లెల నుంచి బస్సులో తీసుకొచ్చారట. కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. అందరూ కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పాడుతుంటే వింటున్నట్టు కదలకుండా ఉన్నారు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.

ఆ చివర కూర్చున్న ముసలావిడ నా అలికిడి విని చెయ్యి చాపింది. అమ్మాయ్, నన్నొకసారి దొడ్డివైపు తీసుకెళ్ళమ్మా, అంతా తెల్లగా ఉంది, కంటికి ఏం ఆనడం లేదు అంది. నేను ఇక్కడిదాన్ని కాదని చెప్పబోయాను. అప్పటికే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎండిపోయిన, గట్టి చెయ్యి. బాత్రూం ఎక్కడుందో నేనే వెతుక్కుని తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి కూర్చోబెట్టాను. పక్కాయన మంచినీళ్ళు అడిగాడు. ఇంకొకావిడ తన పేరు పిలిచారేమోనని గాభరా పడుతుంటే, వెళ్ళి కనుక్కుని, ఇంకా లేదమ్మమ్మా, పిలిస్తే నేను చెబుతానన్నాను. నర్సు వచ్చి గట్టిగా పేర్లు చదివితే చాలామందికి వినబడటం లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చెవి దగ్గర చెప్పి, చెయ్యి పట్టుకుని డాక్టరుగారి గుమ్మందాకా నడిపించాను. మసక కళ్ళతో నడిచేవాళ్ళ నడక వేరు. నీళ్ళలో అడుగు వేసినట్టు ముందు పాదంతో నేలను అడిగి, తరవాత బరువు వేస్తారు. నేనూ అలాగే నడిచాను. వాన ఎప్పుడు ఆగిందో తెలియదు.

హాలు ఖాళీ అయ్యాక అక్కడి పెద్ద నర్సమ్మగారు వచ్చి నా ఎదుట నిలబడ్డారు.

"మీరు ఎవరి తరఫున వచ్చారమ్మా?"

"ఎవరి తరఫునా కాదండి. వానకి ఆగానండి."

"మరి మధ్యాహ్నం నుంచీ ఇక్కడ ఇదంతా చేస్తున్నారు?"

"వాళ్ళు అడిగారండి. అందుకని."

ఆవిడ నా చేతిలోని తడిసిన ఫైలు చూశారు. ఏం చదివానో అడిగారు. ఏం చేస్తున్నానో అడిగారు. ఉద్యోగం కోసం తిరుగుతున్నానండి అని ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పాను. కాస్త ఆలోచించి, రేపు రాగలవా అన్నారు. ఇలాంటి మాటలు నేను ఏడాదిగా వింటున్నవే కనుక, అలాగేనండి అని మామూలుగా వచ్చేయబోయాను.

"ఎనిమిదింటికల్లా రా. వీళ్ళకి రేపు ఆపరేషన్లు. పట్టుకుని నడిపించేవాళ్ళు కావాలి. జీతం సంగతి డాక్టరుగారితో మాట్లాడిస్తాను" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడు కూడా. మూడో రోజున కట్లు విప్పుతుంటే ఆ మొదటి ముసలావిడ పక్కన ఉన్నాను. ఆవిడ ముందు డాక్టరుగారిని చూసింది, గోడను చూసింది, తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నా వైపు తిరిగి, నువ్వేనా అంది. నేనేనమ్మమ్మా అన్నాను. ఇంత చిన్నపిల్లవా, చెయ్యి తగిలితే పెద్దదానివనుకున్నాను అంది. ఆ సాయంత్రమే డాక్టరుగారు నన్ను పిలిచి, నెల మొదటి నుంచి నా జీతం లెక్క వేసుకోమని ఆఫీసులో చెప్పారు.

అమ్మకు ఆ రాత్రే చెప్పాను. టీచరమ్మగారికి మర్నాడు చెప్పాను. కొట్టాయనకు నేను చెప్పక్కర్లేదు, అమ్మే వెళ్ళి చెప్పి వచ్చింది. నాన్నకు మాత్రం గోదాముకు ఫోన్ చేసి చెప్పబుద్ధి కాలేదు. శనివారం ఆసుపత్రి నుంచి తొందరగా వచ్చి, రోడ్డు దగ్గర బస్సు దిగి, ఆయన బస్సు కోసం అక్కడి రేవులోనే కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. నీళ్ళు రాగిరంగులో ఉన్నాయి. కొంగలు గుంపులు గుంపులుగా గూళ్ళకు పోతున్నాయి.

ఆయన దిగాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయి, ఏమ్మా ఇక్కడున్నావు అన్నాడు. పడవలో కూర్చున్నాక చెప్పాను. వానలో నిలబడటం, ముసలావిడ చెయ్యి, వాళ్ళు నడిచే తీరు, కట్లు విప్పినప్పుడు ఒక్కొక్కరూ ముందు ఏం చూస్తారో, అన్నీ చెప్పాను. వారమంతా దాచుకున్నవి కదా, ఒక పట్టాన అవలేదు.  గెడ వేస్తున్న ఆయన కూడా గెడ ఆపి వింటున్నట్టున్నాడు, పడవ దానంతటదే సాగుతోంది.

అంతా అయ్యాక నాన్న నీళ్ళలో చెయ్యి ముంచి ముఖం తుడుచుకున్నాడు.

"రేపు ఆదివారం. సెలవేనా నీకు?"

"సెలవే నాన్నా."

"అయితే పడుకో. పొద్దెక్కేదాకా పడుకో. ఎవరూ లేపరు."

మర్నాడు నిజంగానే ఎవరూ లేపలేదు. మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేసి ఉంది. వాకిట్లో అమ్మా నాన్నా ఏదో మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. మాటలు తెలియడం లేదు, గొంతులు మాత్రం వినబడుతున్నాయి. దూరంగా గూడబాతుల రెక్కల చప్పుడు. వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు. ఇంకాసేపు అలాగే కళ్ళు మూసుకుని పడుకున్నాను.